పరిచయాలు లేవంటున్నారు సరే, మీ ప్రిన్సిపల్ గారికి ఫోన్ చేశారా?

ప్రశ్న: నమస్తే సార్. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్న రైతు. మా చుట్టాల్లో సీఏ చదివిన మొదటి మనిషిని నేనే. గుంటూరులో ఒక ప్రిన్సిపల్ (శిక్షణ ఇచ్చే సీనియర్ సీఏ) దగ్గర మూడేళ్ళు ఆర్టికల్స్ (సీఏ విద్యార్థుల ఆఫీసు శిక్షణ) చేసి, ఫైనల్ మూడో అటెంప్ట్‌లో పాసయ్యాను. ఏడాదిన్నర క్రితం బ్రాడీపేటలో ఒక గది అద్దెకు తీసుకుని ప్రాక్టీస్ పెట్టాను. విదేశాలకు వెళ్ళే పిల్లల నెట్‌వర్త్ సర్టిఫికెట్లు, కొన్ని జీఎస్టీ రిటర్నులు తప్ప వేరే పని రావడం లేదు. నా బ్యాచ్‌లో నాన్నగారి ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు మొదటి రోజు నుంచే ఫైళ్ళున్నాయి. "నెట్‌వర్కింగ్ చెయ్యి, ఎవరైనా పెద్దాయన్ని మెంటర్‌గా పట్టుకో" అని అందరూ సలహా ఇస్తున్నారు. మీటింగులకు వెళ్ళి కార్డులు పంచడం నాకు కాకా పట్టడంలా అనిపిస్తుంది. సాయంత్రాలు క్లబ్బుల్లో జరిగేవాటికి ఎటూ వెళ్ళలేను. ఒక లోన్ ఏజెంటు "నెలకు పది ప్రాజెక్ట్ రిపోర్టులు ఇప్పిస్తా, ఫీజులో ముప్పై శాతం నాది" అంటున్నాడు. మేనమామ వరసయ్యే ఒకాయన తన కోల్డ్ స్టోరేజీ ఆడిట్ నాకిస్తానంటున్నారు. కానీ అది నేను ఆర్టికల్స్ చేసిన ఆఫీసు క్లయింటు. ఆ సార్‌తో పాసయ్యాక నేను మాట్లాడలేదు. ఏం చేయమంటారు? హైదరాబాద్ వెళ్ళి ఉద్యోగం చూసుకోవడమే మంచిదా?
ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది "ఆ సార్‌తో పాసయ్యాక నేను మాట్లాడలేదు" అన్నచోట. ఎందుకు మాట్లాడలేదో రాయలేదు. మూడు అటెంప్టులు పట్టిందన్న నామోషీయా? ఆయన ఉన్న ఊళ్ళోనే బోర్డు పెట్టానన్న జంకా? లేక మూడేళ్ళూ బ్యాంకు చలాన్లకూ జిరాక్సులకూ తిప్పారన్న కోపమా? ఏదైనా కావచ్చు. మెంటర్ కోసం ఊరంతా వెతుకుతూ, పని నేర్చుకున్న ఆఫీసుకు పాసైన కబురు కూడా చెప్పకుండా ఉన్నారు. ముందు ఆ సంగతి చూద్దాం, మిగతావి తర్వాత.

కోపమే కారణమైతే నేను కాదనను. ఆర్టికల్స్ చేసే పిల్లల్ని చవగ్గా దొరికే గుమాస్తాల్లా వాడుకునే ఆఫీసులు మీ గుంటూరులోనూ ఉన్నాయి, మా బెజవాడలోనూ ఉన్నాయి. ఒక్క ఫైలు కూడా మొదటి నుంచి చివరిదాకా చూడనివ్వకుండా మూడేళ్ళు గడిపించి పంపేసినవాళ్ళు నాకు తెలుసు. మీ సార్ అలాంటివారైతే ఆయన్ని గురువుగా కొలవమని చెప్పను. వెళ్ళి, పాసయ్యానని చెప్పి, కాఫీ ఇస్తే తాగి వచ్చేయండి. కానీ మీ ఉత్తరంలో ఆయన మీద ఫిర్యాదు ఒక్కటీ లేదు. నాకు కనిపించిందంతా బెరుకే.

మూడో అటెంప్టు గురించి బెరుకు అయితే దాన్ని ఇవాళే వదిలేయండి. ఇటీవలి సెషన్లలో ఫైనల్ రెండు గ్రూపులూ కలిపి రాసినవాళ్ళలో గట్టెక్కినవాళ్ళు ఐదుగురిలో ఒకరు కూడా లేరు. మీ సార్ ఎన్ని అటెంప్టుల్లో పాసయ్యారో మీకు తెలుసా? అడిగి చూడండి. ఆ తరం వాళ్ళకు ఆ కథ చెప్పడమంటే భలే సరదా, అరగంటకు తక్కువ చెప్పరు.

మీరు కాకా అంటున్నదాని గురించి ఒక మాట. మన వృత్తికి వేరే వృత్తులకు లేని ఇబ్బంది ఒకటుంది. మనం పని అడగకూడదు. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టం మొదటి షెడ్యూలు, మొదటి భాగంలో 6, 7 క్లాజులు ఆ సంగతే చెబుతాయి. సర్క్యులర్లు పంచి, మనుషుల్ని పంపి క్లయింట్లను పిలుచుకోకూడదు. ప్రకటనలు ఇచ్చుకోకూడదు. వెబ్‌సైటు లాంటివాటికి పరిమితులతో అనుమతి ఉందనుకోండి. అయినా బెంజ్ సర్కిల్‌లో కోచింగ్ సెంటర్ వాళ్ళు ఫ్లెక్సీ కట్టినట్టు మనం కట్టలేం. అంచేత ఒక ఆడిటర్ పేరు కొత్త క్లయింటు చెవిన పడాలంటే మూడో మనిషి ఎవరో ఆ పేరు చెప్పాలి. "మా ఆడిటర్ గారిని ఓసారి కలవండి" అని ఒక షావుకారు ఇంకో షావుకారుకు చెబుతాడు. లేదా చేతినిండా పనున్న సీనియర్ "నాకు కుదరదు, ఫలానా అమ్మాయిని అడగండి" అంటాడు. మనకు నెట్‌వర్కింగ్ అంటే ఈ మాట పుట్టడమే. కార్డులు పంచితే అది పుట్టదు, ఆ విషయంలో మీ చిరాకు సరైనదే.

మెంటర్ సంగతికొస్తే, మనకు ఒక మెంటర్ని చట్టమే ఏర్పాటు చేసింది. ఆర్టికల్‌షిప్ అంటే అదే కదా. మీరు మూడేళ్ళు చేశారు. 2023 జూలై నుంచి వచ్చిన కొత్త స్కీములో అది రెండేళ్ళే. ఇప్పటి పిల్లలకంటే ఒక ఏడాది ఎక్కువ కాలం మీరు ఒక మనిషి పక్కన కూర్చుని పని చూశారు. మీ తప్పులు ఎక్కడ దొర్లుతాయో, మీరు దేనికి తడబడతారో, ఏ పని ఇస్తే నిద్ర మానేసి చేస్తారో ఊళ్ళో తెలిసినది ఆయనొక్కరికే. కొత్తగా పరిచయమయ్యే పెద్దాయన ఎవరైనా ఇది తెలుసుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

కాబట్టి ఫోన్ చేసి, పొద్దున్నే, ఆఫీసు నిండకముందు వెళ్ళండి. జీఎస్టీ రిటర్నుల గడువు రోజుల్లో మాత్రం వద్దు. 11, 20 తేదీల దరిదాపుల్లో ఏ ఆడిటర్ ఆఫీసుకు వెళ్ళినా తిట్టకుండా పంపితే గొప్పే. ఒక స్వీటు ప్యాకెట్ తీసుకెళ్ళండి. మనవాళ్ళ దగ్గర సగం మాటలు ఆ ప్యాకెట్టే మాట్లాడుతుంది. "ఆలస్యంగా వచ్చాను సార్, మొహమాటపడ్డాను" అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి, పది వివరణలు వద్దు. "నన్ను గైడ్ చేయండి" అని అస్సలు అడగొద్దు. ఆ మాటకు ఎవరైనా "అలాగేనమ్మా, తప్పకుండా" అంటారు, అక్కడితో అయిపోతుంది. ఏం గైడ్ చేయాలో ఆయనకు తెలియదు, మీకూ తెలియదు.

ఎదుటివాళ్ళు జవాబు చెప్పగలిగేలా అడగాలి. ఉదాహరణకు మీ మేనమామ గారి కోల్డ్ స్టోరేజీనే తీసుకుందాం. ఒక సీనియర్‌కి ఇలా మెసేజ్ పెట్టారనుకోండి: "సార్, కోల్డ్ స్టోరేజీ నిల్వ చార్జీల మీద జీఎస్టీ ఉందా?" ఆయన చూస్తారు, పక్కన పెడతారు. దానికి జవాబు రాయాలంటే ఆయన అరగంట చదవాలి. అదే ఇలా పెట్టండి: "సార్, మసాలా దినుసుల నిల్వకు విడిగా ఉన్న మినహాయింపు 2022 జూలైలో తీసేశారు. వ్యవసాయోత్పత్తుల నిల్వకు ఉన్న మినహాయింపు అలాగే ఉంది. రైతు కళ్ళంలో ఎండబెట్టి తెచ్చి పెట్టిన మిర్చి టిక్కీలు (బస్తాలు) దాని కిందకు వస్తాయని నా అభిప్రాయం. కారప్పొడి బస్తాలు రావు. యార్డులో కొని వ్యాపారి పెట్టిన టిక్కీల దగ్గరే నాకు తేలడం లేదు. పార్టీ అందరికీ ఒకటే బిల్లు బుక్కు వాడుతున్నాడు. ముందు బుక్కులు విడదీయమని చెప్పనా?" దీనికి జవాబు రాకుండా ఉండదు. సగం పని మీరే చేశారు, తేలనిచోట వేలు పెట్టి చూపించారు, అవుననో కాదనో చెబితే సరిపోయేలా అడిగారు. చూసిన సీనియర్ "ఈ అమ్మాయి చదువుతుంది" అనుకుంటాడు. ఆ టిక్కీల సంగతి ఏమిటో నేనూ ఇక్కడ చెప్పను, మీ సార్‌నే అడగండి.

ఇంకో చిన్న విషయం. జవాబు వచ్చాక ఏం జరిగిందో వాళ్ళకు చెప్పాలి. "మీరన్నట్టే బుక్కులు విడదీయించాను సార్, పార్టీ ఒప్పుకున్నాడు" అని రెండు ముక్కలు చాలు. మనవాళ్ళలో చాలామంది సలహా తీసుకుంటారు, మళ్ళీ అవసరం పడేదాకా కనిపించరు. మధ్యలో మాత్రం రోజూ పొద్దున్నే గులాబీ పువ్వు బొమ్మతో గుడ్ మార్నింగ్ పంపిస్తారు. ఆ పువ్వు వల్ల ఎవరికీ ఒక్క ఫైలు వచ్చిన దాఖలా లేదు.

నేర్పే మనిషి, నిలబెట్టే మనిషి ఒక్కరే కానక్కర్లేదు. ఇద్దరూ ఒక్కరే అయితే అదృష్టం. బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్ళ వయసులో విజయవాడలో త్యాగరాజ ఆరాధన వేదిక మీద పూర్తి కచేరీ చేశారు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. పిల్లవాడికి విద్య ఎంత ఉన్నా, పెద్దలు కూర్చున్న సభలో వాడి పేరు ఎవరో ఒకరు పలకాలి. మీ సార్ పాఠం చెప్పే రకం కావచ్చు, సభలో పేరు చెప్పే రకం కాకపోవచ్చు. కొందరు దీనికి తిరగేసి ఉంటారు. డౌటు తీర్చే ఓపిక అసలు ఉండదు, కానీ మీ పని ఒక్కసారి నచ్చితే పదిమందికి చెబుతారు. ఎవరి దగ్గర ఏది దొరుకుతుందో చూసుకుని అదే అడగాలి. ఒకే మనిషి నుంచి రెండూ ఆశించి, రెండోది రాలేదని మొదటిదాన్ని పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో.

సీనియర్లు ఒకరి పేరు ఎందుకు చెబుతారో, ఇచ్చే వైపు కూర్చున్నవాణ్ణి కాబట్టి నేను చెప్పగలను. ఒక సీఏ ఏడాదికి 60 టాక్స్ ఆడిట్లకు మించి సంతకం పెట్టకూడదు. ఆ లెక్క నిండిన ఆఫీసులు మీ బ్రాడీపేట లైన్లలోనూ అరండల్‌పేటలోనూ, ఇక్కడ మా గవర్నర్‌పేటలోనూ చాలానే ఉన్నాయి. నిండాక వచ్చిన పార్టీని ఎవరికో ఒకరికి పంపాల్సిందే. అది కాక సెప్టెంబరు నెల ఉంది. టాక్స్ ఆడిట్ల గడువు 30వ తేదీ ముంచుకొస్తుంటే ఏ ఆఫీసులోనూ చేతులు చాలవు. ఏప్రిల్‌లో బ్యాంకు బ్రాంచి ఆడిట్లప్పుడూ ఇదే పరిస్థితి. అప్పుడు ఎవర్ని పిలుస్తాం?

ఒక సెప్టెంబరులో మా ఆఫీసు పనికి కొత్తగా సీఏ అయిన ఒకమ్మాయి వచ్చింది. వన్‌టౌన్‌లోని ఒక బట్టల షాపు ఫైలు ఇచ్చాను. రెండు రోజులు తలెత్తకుండా చూసి, సాయంత్రం నా టేబుల్ దగ్గరికి వచ్చి, "సార్, క్లోజింగ్ స్టాకులో పట్టుచీరలకు కొన్న ధర వేయలేదు, అమ్మే ధర వేశారు. లాభం లేనిది ఉన్నట్టు కనిపిస్తోంది. అడిగితే బ్యాంకు లిమిట్ కోసం అలా వేశామన్నారు. నేను ఫైలు ముందుకు నడపలేదు" అంది. స్టాకు లిస్టులో తేడా ఉన్న ప్రతి లైను పక్కనా పెన్సిల్‌తో సన్నగా టిక్కు పెట్టింది. మూడు బిల్లుల జిరాక్సు వెనక పిన్ను చేసింది. ఆ పార్టీ నాకు పాతికేళ్ళ క్లయింటు, ఆ అమ్మాయికి ఆ సంగతి తెలుసు. తెలిసీ చెప్పింది, గడువుకు వారం ముందే చెప్పింది. 29వ తేదీ రాత్రి చెప్పి ఉంటే నేనేం చేయగలిగేవాణ్ణి? ఆ మరుసటి ఏడాది నుంచి నాకు మించిన పని ఆమెకే వెళ్ళేది. మంచి మాటలు ఎన్ని చెప్పినా రాని నమ్మకం ఆ పెన్సిల్ టిక్కులతో వచ్చింది.

కాబట్టి ఆగస్టులోనే ఒకరిద్దరు సీనియర్లకు ఫోన్ చేసి, "సెప్టెంబరులో మీ ఆఫీసులో పనికి కూర్చుంటాను, ఇన్ని రోజులు ఇవ్వగలను" అని చెప్పండి. తోటి సభ్యుల దగ్గర పని చేస్తాననడం తప్పు కాదు. మీ బోర్డు మీకున్నాక ఇంకొకరి టేబుల్ దగ్గర కూర్చోవడం చిన్నతనం అనిపిస్తుందేమో. అనిపించనివ్వండి. డబ్బు వస్తుంది, పెద్ద ఫైళ్ళు ఎలా నడుస్తాయో తెలుస్తుంది, నలుగురు మీ పని చూస్తారు. నెట్‌వర్త్ సర్టిఫికెట్లు ఎన్ని రాసినా ఈ మూడూ రావు.

మీ చేతిలో సీనియర్లకు పనికొచ్చేది ఇంకొకటి ఉంది, మీరు గమనించలేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. 536 సెక్షన్లు, అన్నీ కొత్త నంబర్లు. అసెస్‌మెంట్ ఇయర్, ప్రీవియస్ ఇయర్ పోయి ట్యాక్స్ ఇయర్ అయింది. 44ఏబీ, 194సీ అని నిద్రలో లేపి అడిగినా చెప్పే మా తరం వాళ్ళం పాత నంబర్లు మర్చిపోలేక, కొత్తవి పట్టుబడక ఇబ్బంది పడుతున్నాం. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడూ ఇంతే. అప్పుడు కూర్చుని చదివిన కుర్రాళ్ళ దగ్గరికి పెద్ద పెద్ద ఆఫీసుల వాళ్ళు డౌట్లకు వెళ్ళారు. మీరు ఒక్క అంశం పట్టుకోండి. టీడీఎస్ (డబ్బు చెల్లించేటప్పుడే కోసుకునే పన్ను) తీసుకోండి, లేదా రైతులతో, కమీషన్ కొట్లతో జరిగే లావాదేవీలు తీసుకోండి. పాత సెక్షను, కొత్త సెక్షను, మారిందేమిటి అని ఒక పట్టిక వేసుకుని, మన సీఏ ఇన్‌స్టిట్యూట్ గుంటూరు బ్రాంచిలో జరిగే స్టడీ సర్కిల్లో పావుగంట మాట్లాడతానని అడగండి. సీపీఈ గంటల (సభ్యులు పూర్తి చేయాల్సిన శిక్షణ గంటల) కోసం మీరు ఎటూ వెళ్ళాలి. వెనక బెంచీలో కూర్చుని భోజనం టైముకు లేచి రావడం కంటే ఇది మేలు. అక్కడ మాట్లాడేవాళ్ళు దొరక్క నిర్వాహకులు బతిమాలుకుంటూ ఉంటారు, ఈ సంగతి బయటివాళ్ళకు తెలియదు. ఇందులో కాకా ఏముంది చెప్పండి?

మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు గురించి కూడా చెప్పాలి. అందులో ఉన్నవాళ్ళంతా మీ వయసు వాళ్ళు, మీకు తెలిసిందే వాళ్ళకూ తెలుసు, మీకు లేని పనే వాళ్ళకూ లేదు. మార్క్ గ్రానోవెట్టర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక వ్యాసం రాశాడు. బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్ళో, తెలిసినవాళ్ళ ద్వారా కొత్త ఉద్యోగంలో చేరినవాళ్ళను, ఆ తెలిసినాయనను మీరు ఎంత తరచుగా కలిసేవారు అని అడిగాడు. తరచుగా కలిసేవాళ్ళమన్నవారు 16.7 శాతమే. అప్పుడప్పుడూ అన్నవారు 55.6 శాతం. ఏడాదికోసారి, అంతకంటే తక్కువ అన్నవారు 27.8 శాతం. చిన్న సర్వేనే, ఊరు కూడా మనది కాదు. అయినా కారణం మాత్రం మనకూ వర్తిస్తుంది. దగ్గరివాళ్ళకు మన మీద ప్రేమ ఉంటుంది కానీ, మనకు తెలియని కబురు వాళ్ళ దగ్గర ఉండదు.

మీకు కొత్త కబురు ఎక్కడ ఉంటుందో చెబుతాను. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తా దగ్గర ఉంటుంది. ఏ కొట్టు ఆడిటర్ని మార్చబోతోందో ఆయనకు ముందే తెలుసు. జీఎస్టీ అప్పీళ్ళు చూసే వకీలు గారి దగ్గర ఉంటుంది, ఆయన కేసులో లెక్కలు చూడ్డానికి ఎవరో ఒకరు కావాలి. బ్యాంకులో లోన్లు చూసే ఆఫీసర్ దగ్గర, విజయవాడలో కంపెనీ సెక్రటరీల దగ్గర ఉంటుంది. వీళ్ళను పనిగట్టుకుని కలవక్కర్లేదు. పని మీద వెళ్ళినప్పుడు రెండు మాటలు ఎక్కువ మాట్లాడి, వాళ్ళడిగిన చిన్న డౌటు తీర్చి రండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్‌లో యార్డు వాళ్ళ జోలికి మాత్రం వెళ్ళొద్దు, అప్పుడు వాళ్ళకు మనుషులు కనిపించరు, టిక్కీలే కనిపిస్తాయి.

ఇక మీరు రాయని విషయం ఒకటుంది, నేనే రాస్తాను. "ఏ ఊరమ్మా? ఎవరి తాలూకు?" అని మిమ్మల్ని చాలామంది అడిగి ఉంటారు. కొందరు నిజంగా ఊరి మీద ప్రేమతోనే అడుగుతారు. చాలామంది కులం తెలుసుకోవడానికి అడుగుతారు. మన రెండు ఊళ్ళలో వ్యాపారం సగం ఆ దారిలోనే నడుస్తోంది, లేదని బుకాయిస్తే మీకు అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. మీ బ్యాచ్‌లో నాన్నల ఫైళ్ళు అందుకున్నవాళ్ళకు ఉన్నది కూడా ఇలా పుట్టుకతో వచ్చిన నెట్‌వర్కే. అది లేనివాళ్ళకు సీనియర్ల ఆఫీసులూ స్టడీ సర్కిళ్ళూ మరీ అవసరం, ఎందుకంటే అక్కడ పని చూసి మాట్లాడేవాళ్ళు కొందరైనా దొరుకుతారు. ఎవరైనా అడిగితే ఊరి పేరు చెప్పి, పనిలోకి వెళ్ళిపోండి. ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయేవాళ్ళ కోసం రెండోసారి బస్సు చార్జీ దండగ.

క్లబ్బు సాయంత్రాలకు వెళ్ళలేకపోవడం వల్ల మీకు కొంత నష్టం ఉంది, ఒప్పుకుంటాను. కానీ అక్కడ జరిగేది ఎక్కువగా పాతవాళ్ళు పాతవాళ్ళతో మాట్లాడుకోవడమే. పొద్దున్న పది నుంచి సాయంత్రం ఐదు లోపల, ఆఫీసులో, నలుగురి మధ్య కలవగలిగిన సీనియర్లు మీకు చాలు. "రాత్రికి తీరిగ్గా మాట్లాడదాం, నీకు నేను దారి చూపిస్తా" అనే పెద్దమనిషి ఎంత పేరున్నవాడైనా సరే, వెళ్ళొద్దు. ఆయనకు కోపం వస్తుందేమో అన్న ఆలోచన కూడా పెట్టుకోవద్దు. బ్రాంచిలో సీనియర్ మహిళా సభ్యులు ఉంటారు, ఎవరి దగ్గర పని నేర్చుకోవచ్చో, ఎవరికి దూరంగా ఉండాలో వాళ్ళు ఐదు నిమిషాల్లో చెప్పేస్తారు.

లోన్ ఏజెంటుకు ఇవాళే వద్దని చెప్పేయండి. పైన చెప్పిన సీఏ చట్టం మొదటి షెడ్యూలు, మొదటి భాగంలోనే 2వ క్లాజు చదవండి. మన ఫీజులో వాటా, కమీషన్, బ్రోకరేజి ఇలాంటి బయటివాళ్ళకు ఇవ్వడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. చట్టం అలా ఉంచండి, ముప్పై శాతం తీసుకునేవాడు తన పార్టీకి లోన్ రావాల్సినట్టే రిపోర్టు రాయమంటాడు. అంకెలు ఆయనవి, యూడీఐఎన్ (సంతకం పెట్టిన సీఏ ఎవరో చూపే గుర్తింపు నంబరు) మీది. రేపు ఆ లోన్ మొండిబాకీ అయితే బ్యాంకు వాళ్ళు వెతుక్కుంటూ వచ్చేది మీ దగ్గరికే.

హైదరాబాద్ వెళ్ళడం తప్పేమీ కాదు. డబ్బుకు మరీ కటకటగా ఉంటే ఒక మంచి ఫర్ములో రెండేళ్ళు చేసి రావచ్చు. చేరేముందు మీ ప్రాక్టీస్ సర్టిఫికెట్ ఏమవుతుందో తేల్చుకోండి. పరిచయాలు లేవన్న ఒక్క కారణంతో మాత్రం వెళ్ళకండి. అక్కడ మీ పేరు తెలిసినవాళ్ళు ఇక్కడికంటే తక్కువ.

చివరగా కోల్డ్ స్టోరేజీ. మీ సార్‌ను కలవడానికి వెళ్ళినప్పుడే ఈ సంగతి చెప్పేయండి. స్వీట్లు ఇచ్చి వచ్చి, వారం తర్వాత ఆ ఆడిట్ గురించి ఉత్తరం పంపితే ఆయన దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంటారు. "మీ క్లయింటు నాకు చుట్టం, ఆడిట్ చేయమని అడుగుతున్నారు, మీకు చెప్పకుండా ఒప్పుకోను" అని నేరుగా అనండి. నోటిమాట మర్యాద కోసం. చట్టం కోసం అదే షెడ్యూల్లో 8వ క్లాజు ఉంది. పాత ఆడిటర్‌కి ముందుగా రాతపూర్వకంగా తెలియజేయకుండా ఆడిట్ ఒప్పుకోకూడదు. స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ చేసి పంపి అక్నాలెడ్జ్‌మెంట్ జాగ్రత్త చేయండి, లేదా చేతికిచ్చి సంతకం తీసుకోండి. ఆయన అనుమతి అవసరం లేదు. ఆ పార్టీతో ఏదైనా తేడా ఉంటే మీకు తెలియాలన్నది ఆ నిబంధన ఉద్దేశం, అది మీకే రక్షణ. వివాదం లేని ఆడిట్ ఫీజు ఆయనకు బాకీ ఉంటే, ముందు అది కట్టమని మేనమామ గారికి చెప్పండి, కట్టేదాకా ఆడిట్ ఒప్పుకోకండి. చుట్టరికం కదా అని మొహమాటపడితే మొదటి ఫైలులోనే ఇరుక్కుంటారు.

ఆడిటర్ని ఎందుకు మారుస్తున్నారో కూడా మేనమామ గారిని గట్టిగా అడగండి. కారణం ఫీజే అయితే, మీ సార్ తీసుకునేదాని కంటే ఒక్క రూపాయి కూడా తగ్గించకండి.